"ఇంటింటి కెమిస్ట్రీ, 12 మార్కులు గ్యారంటీ": ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

మళ్లీ వచ్చింది. ఈసారి మా ఆడపడుచు పంపింది. ఆమెకంటే ముందు కింది ఫ్లాట్ ఆంటీ, ఆవిడకంటే ముందు మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల ఉగాది గ్రూపు. "ఇంట్లో వస్తువుల కెమిస్ట్రీ: 12 పాయింట్లు. నీట్‌, కేసీఈటీలో 12 మార్కులు గ్యారంటీ. ఈ రాత్రే పిల్లల చేత కంఠస్థం చేయించండి, పది మందికీ పంపండి" అనే మెసేజ్. (కేసీఈటీ అంటే కర్ణాటక రాష్ట్ర ప్రవేశ పరీక్ష.) మీదాకా రాలేదంటే అదృష్టవంతులు. బెంగళూరులో మార్చి వచ్చిందంటే ఎండలు, ట్యాంకర్ల గొడవతో పాటు ఇదీ మొదలవుతుంది. నేను మారతహళ్లిలో పీయూసీ (మన ఇంటర్) పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతాను కాబట్టి, పంపేవాళ్లందరూ "నీకు పనికొస్తుందని" అని ఒక ముక్క తగిలించి మరీ పంపుతారు. పనికొచ్చింది. ఇదిగో, ఇది రాయడానికి.

మొదటి పాయింటు: "నిత్యజీవితంలో రసాయన శాస్త్రం చాప్టర్ నుంచి నీట్‌లో ఏటా 3 ప్రశ్నలు ఖాయం. తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టేయండి, పోయేదేం లేదు."

ఏ నీట్ సంగతి ఇది? పన్నెండో తరగతి పుస్తకంలోంచి ఆ చాప్టర్‌ని ఎన్‌సీఈఆర్‌టీ 2022లోనే ఎత్తేసింది. పాలిమర్లు, ఘనస్థితి, ఉపరితల రసాయనం కూడా దాని వెంటే పోయాయి. 2024 నుంచి నీట్ సిలబస్‌లోనూ లేదు, జేఈఈ మెయిన్‌లోనూ లేదు. ఒకప్పుడు ఉండేది, నిజమే. క్లోరోజైలెనాల్, టెర్పినియాల్ మిశ్రమం దేనికి వాడతారని 2017 నీట్‌లో అడిగారు. కింది వాటిలో కాటయానిక్ డిటర్జెంట్ ఏదని 2020లో అడిగారు. మెసేజ్ రాసినాయన క్యాలెండర్ అక్కడే ఆగిపోయింది. 2024 సిలబస్‌లో కొత్తగా చేరింది ప్రాక్టికల్ కెమిస్ట్రీ యూనిట్. పటిక తయారీ, అయొడోఫాం తయారీ, లవణాల్లో అయాన్లను గుర్తుపట్టడం అందులో ఉన్నాయి. ప్రతి తెలుగింట్లోనూ ఒక మూల పడుండే పటిక సిలబస్‌లోకి వచ్చి కూర్చుంటే, ఇంటింటి కెమిస్ట్రీ అని పేరు పెట్టుకున్న ఈ మెసేజ్‌లో దాని ఊసే లేదు.

"పోయేదేం లేదు" అన్నది ఇంకో మాయ. కేసీఈటీలో నెగటివ్ మార్కులు లేవు, అక్కడ నిజంగానే పోయేదేం లేదు. నీట్‌లో తప్పు పెడితే ఒక మార్కు పోతుంది. రెండు పరీక్షలనీ ఒకే గాటన కట్టి చెప్పే సలహా ఎవరికి మేలు చేస్తుందో నాకైతే తెలియదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. 2024 కేసీఈటీలో సిలబస్‌లో లేని ప్రశ్నలు వచ్చి పడ్డాయి. పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కాక 50 ప్రశ్నల్ని లెక్కలోంచి తీసేయాల్సి వచ్చింది. అది చూసినవాళ్లు "తీసేశారంటారు గానీ, ఏమో, ఇస్తారేమో" అని భయపడితే వాళ్లను తప్పుపట్టలేను. ఆ భయం మీదే ఈ మెసేజ్ బతుకుతోంది.

సరే, సిలబస్ సంగతి వదిలేద్దాం. సబ్బు, సోడా, ఉప్పు గురించి తెలుసుకుంటే నష్టమేముంది, జనరల్ నాలెడ్జే కదా అంటారు. రైల్వే పరీక్షలకీ, గ్రూప్స్‌కీ చదివేవాళ్లకు ఇవి అక్కరకొచ్చేవే, కాదనను. కానీ తెలుసుకునేది సరిగ్గా ఉండాలి. ఈ మెసేజ్‌లో విచిత్రం ఏమిటంటే చాలా చోట్ల జతలు కరెక్టే, దిక్కులే తారుమారు. ఏ రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి చదవాలో ఆయనకు తెలుసు. ఏది ఏదో మాత్రం తెలియదు.

రెండో పాయింటు చూడండి. "వంటసోడా అంటే సోడియం కార్బొనేట్, వాషింగ్ సోడా అంటే సోడియం బైకార్బొనేట్." తిరగేశారు. వంటసోడా బైకార్బొనేట్. దాన్ని వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పోయి కార్బొనేట్ మిగులుతుంది. పునుగుల పిండిలో సోడా ఎక్కువైతే ఆ సబ్బు రుచి ఎందుకొస్తుందనుకున్నారు? మూకుడు వేడికి పిండిలో మిగిలిన ఆ కార్బొనేట్ వల్లే. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్‌లో టార్టారిక్ ఆమ్లం కలిపేది కూడా ఆ క్షారాన్ని విరిచేయడానికే. ఈ సంగతి ఒక్కసారి అర్థమైన పిల్లాడు జన్మలో ఈ జతను తిరగేయడు. కంఠస్థం పట్టినవాడు పరీక్ష హాల్లో సగం సార్లు తిరగేస్తాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. కడుపులో మంటగా ఉంటే గ్లాసుడు నీళ్లలో చిటికెడు వంటసోడా కలుపుకుని తాగే ఇళ్లున్నాయి. ఈ మెసేజ్ నమ్మి ఎవరైనా బైకార్బొనేట్ కోసం బట్టల సోడా ప్యాకెట్ విప్పితే నోరూ గొంతూ కాలతాయి.

మూడోది: "వెనిగర్ అంటే స్వచ్ఛమైన ఎసిటిక్ ఆమ్లం." స్వచ్ఛమైన ఎసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున బెంగళూరు కాలేజీ ల్యాబుల్లో సీసా అడుగున ఆ గాజుముక్కల్లాంటి గడ్డలు కనబడతాయి. మీ వంటింట్లో వెనిగర్ ఎప్పుడైనా గడ్డకట్టిందా? అందులో ఆమ్లం వందకు ఐదు నుంచి ఎనిమిది పాళ్లే, మిగిలినదంతా నీళ్లు.

నాలుగోది మళ్లీ తిరకాసే. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కి రెండు నీటి అణువులట, జిప్సమ్‌కి సగమట. జిప్సమ్‌ని 373 కెల్విన్ (దాదాపు 100 డిగ్రీలు) దగ్గర వేడి చేసి ఒకటిన్నర నీటి అణువులను వెళ్లగొడితే మిగిలేది ప్లాస్టర్. దానికి నీళ్లు తగలగానే పోయినవి తిరిగి తీసుకుని గట్టిపడుతుంది. ముందే రెండు అణువులూ నిండుగా ఉంటే ఇక దేన్ని తీసుకుని గట్టిపడుతుంది?

ఐదో పాయింటు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మా పేటలో రోజూ కళ్లముందు జరిగే ప్రయోగం. "కఠిన జలంలో సబ్బు బాగా నురగ ఇస్తుంది, డిటర్జెంట్ ఇవ్వదు" అట. రాసినాయన ట్యాంకర్ నీళ్లతో ఎన్నడూ స్నానం చేయలేదని అర్థమవుతోంది. మా అపార్ట్‌మెంట్‌లో ఎక్కువ రోజులు బోరు నీళ్లో, ట్యాంకర్ నీళ్లో. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు సరికదా, బకెట్లో పైన బూడిద రంగు పెరుగు తరకల్లాంటిది తేలుతుంది. వేలితో తీసి చూస్తే జిడ్డుగా సాగుతుంది, నీళ్లు పోసినా ఊడదు. అది సబ్బులోని స్టియరేట్ (కొవ్వు ఆమ్లపు లవణం), నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కలిసి కరగని లవణంగా విరిగిపోవడం. అంటే మనం డబ్బు పెట్టి కొన్న సబ్బులో మొదటి వాటా నీళ్లతో పోట్లాడటానికే ఖర్చవుతుంది. మిగిలితే ఒంటికి. అదే సబ్బు జయనగర్‌లో మా ఆడపడుచు వాళ్లింట్లో, కావేరి నీళ్లకు, రెండు రుద్దులకే పొంగుతుంది. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలైంది. మా వైపు ఊళ్లూ అందులో ఉన్నాయి గానీ, మా ట్యాంకర్ ఇంకా తప్పలేదు.

డిటర్జెంట్‌కి ఈ బాధ లేదు. అది సల్ఫేటో, సల్ఫోనేటో అవుతుంది. దాని కాల్షియం లవణం అలా విరిగిపోదు, అందుకే బోరు నీళ్లలోనూ నురగొస్తుంది. మైసూర్ శాండల్ సబ్బును వందేళ్లకు పైగా తయారు చేస్తున్న ఊళ్లో కూర్చుని సబ్బు గురించి ఇంత తప్పు చదవాల్సి రావడం ఏం ఖర్మో.

ఆరోది: "ఫినాల్ 1 శాతం యాంటీసెప్టిక్, 0.2 శాతం డిసిన్ఫెక్టెంట్." మళ్లీ దిక్కు తప్పింది. పలచనిది ఒంటికి, చిక్కనిది నేలకు. గాయం మీద పోసేది చిక్కగా, గచ్చు మీద పోసేది పలచగా ఉంటుందని రాయడానికి చెయ్యెలా వచ్చిందో!

ఏడో పాయింటు మీద మా గ్రూపులో ఒకాయన ఒంటికాలి మీద లేచారు. "బ్లీచింగ్ పౌడర్ కాల్షియం ఆక్సీక్లోరైడ్ కాదు, హైపోక్లోరైట్. ఈ మాత్రం తెలియదా" అని మెసేజ్ రాసినవాణ్ని ఉతికి ఆరేశారు. ఇక్కడ మాత్రం నేను ఫార్వర్డ్ పక్షం. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం ఆక్సీక్లోరైడ్ ఫార్ములాతోనే చెప్పింది, అసలు సంఘటనం చాలా క్లిష్టంగా ఉంటుందని పక్కనే రాసింది. నిజంగా ఆ డబ్బాలో ఉండేది హైపోక్లోరైట్, క్లోరైడ్, హైడ్రాక్సైడ్, నీరు కలగలిసిన సరుకు. కాబట్టి ఇద్దరిదీ సగం సగం నిజం. ఫార్వర్డ్‌ని తిట్టడానికి తొందరపడి దానిలో ఉన్న ఒకటీ అరా నిజాన్ని కూడా కొట్టేయకండి.

ఎనిమిదోది ఉప్పు. అయొడైజ్డ్ ఉప్పులో పొటాషియం అయొడైడ్ ఉంటుందట. మన దేశంలో కలిపేది అయొడేట్. అయొడైడ్ తేమగాలికి తొందరగా చెడి అయొడిన్ ఎగిరిపోతుంది, అయొడేట్ నిలుస్తుంది. అంతే, ముందుకెళ్దాం.

ఇక తొమ్మిదోది. నేనిదంతా రాయడానికి కూర్చున్నది నిజానికి దీని కోసమే. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపితే డబుల్ క్లీనింగ్ పవర్. ఇంట్లోనే ప్రాక్టికల్‌గా చేసి చూపించండి. పచ్చని పొగ వస్తుంది. పిల్లలు జన్మలో మరిచిపోరు."

మరిచిపోరు. అందులో సందేహం లేదు.

ఆ పచ్చని పొగ పేరు క్లోరిన్. 1774లో రసాయన శాస్త్రవేత్త షీలే దాన్ని మొదటిసారి తయారు చేసింది కూడా హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోనే, మాంగనీస్ డయాక్సైడ్ కలిపి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం ఎదుటి కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. ఆ వాయువును పిల్లలకు పాఠం చెప్పడానికి బాత్రూంలో తయారు చేయమంటున్నాడు ఈ మహానుభావుడు. పైన రెండు నమస్కారాల బొమ్మలు కూడా పెట్టాడు.

టాయిలెట్ క్లీనర్లలో మామూలుగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, దాదాపు 10 శాతం. బ్లీచ్ సీసాలో సోడియం హైపోక్లోరైట్, పౌడర్ డబ్బాలో కాల్షియం హైపోక్లోరైట్. హైపోక్లోరైట్‌లో క్లోరిన్ ఆక్సీకరణ సంఖ్య (పరమాణువు పోగొట్టుకున్న, తీసుకున్న ఎలక్ట్రాన్ల లెక్క) ప్లస్ ఒకటి, ఆమ్లంలో మైనస్ ఒకటి. రెండూ కలిస్తే సున్నా, అంటే మూలక క్లోరిన్. పదకొండో తరగతి రెడాక్స్ చాప్టర్‌లో క్లోరిన్‌ని చల్లని క్షారంలోకి పంపితే క్లోరైడ్, హైపోక్లోరైట్ వస్తాయని చదువుతారు కదా, అదే చర్య ఆమ్లం తగిలితే వెనక్కి నడుస్తుంది. పరీక్షకు పనికొచ్చే ముక్క ఏదైనా ఈ మెసేజ్‌లో దాక్కుని ఉందంటే ఇదొక్కటే. దీన్ని కాగితం మీద రాసి ఆక్సీకరణ సంఖ్యలు లెక్కేస్తే సరిపోతుంది. ముక్కుతో పరీక్షించాల్సిన పనిలేదు.

"డబుల్ పవర్" అన్నదీ అబద్ధమే. ఆమ్లం పని గట్టిపడిన తెల్లటి కార్బొనేట్ మరకను కరిగించడం. బ్లీచ్ పని క్రిములను చంపడం, రంగు పోగొట్టడం. రెండూ కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. మరకకు దక్కాల్సిన ఆమ్లం పోతుంది, క్రిములకు దక్కాల్సిన హైపోక్లోరైట్ పోతుంది, మీ ఊపిరితిత్తులకు మాత్రం పూర్తి వాటా దక్కుతుంది.

ఇప్పుడు మన ఫ్లాట్లలో బాత్రూంలు తలుచుకోండి. తలుపు వేస్తే మనిషి అటూ ఇటూ తిరగడమే కష్టం. కిటికీ అంటే మూడు గాజు పలకలు, అదీ డక్ట్‌లోకి తెరుచుకుంటుంది, దానికి పావురాలు రాకుండా వల. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే ఉంటుంది, తిరిగితే తిరుగుతుంది. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేలబారున పేరుకుంటుంది. కమోడ్ మీదికి వంగి బ్రష్‌తో రుద్దేవాళ్ల ముఖం సరిగ్గా ఎక్కడుంటుందో, పక్కన నిలబడి చూసే పిల్లాడి ముఖం ఎక్కడుంటుందో మీరే ఊహించుకోండి. చాలా ఇళ్లలో ఆ రుద్దే మనిషి ఇంటావిడ కాదు, పనికొచ్చే అమ్మాయి. ఆమెకు ఈ మెసేజ్ రాలేదు, కలిపి పెట్టిన మగ్గు మాత్రం చేతికొస్తుంది.

నేను ఊరికే గొంతు చించుకుంటున్నానని అనుకుంటారేమో. నా దగ్గర చదివే ఒక అబ్బాయి పెట్టిన మెసేజ్ ఇది: "మేడమ్, అమ్మ అడుగుతోంది. మగ్గులో కలపాలా, బకెట్లో కలపాలా?" రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఫోటో కూడా పంపాడు, మూత తీసి రెడీగా. నేను వెంటనే ఫోన్ చేశాను. వాళ్లమ్మగారు చాలా మర్యాదగా అన్నారు: "అయ్యో మేడమ్, పది మంది పంపారు కదా, తప్పెందుకవుతుందనుకున్నానండీ."

ఎవరింట్లోనైనా పొరపాటున ఇలా కలిసిపోతే అక్కడ నిలబడి నీళ్లు కొట్టడం, ఇంకేదో పోసి విరిచేయాలని చూడటం వద్దు. మిగతా పిల్లలనీ పెద్దలనీ తీసుకుని వెంటనే బయటికి వచ్చేయండి, వచ్చే దారిలో తలుపులు, కిటికీలు తెరవండి. సీసా మూత పెట్టడానికని మళ్లీ లోపలికి వెళ్లకండి. కళ్లు మండితే ధారగా నీళ్లతో కడగండి. దగ్గు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. కాసేపటికి తగ్గినట్టు అనిపించినా డాక్టరుకు చూపించండి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలుకావచ్చు. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌ని బ్లీచ్‌తో కలిపినా ఇలాంటి ప్రమాదమే, అక్కడ పుట్టేవి క్లోరమైన్లు. బ్లీచ్‌ని నీళ్లతో తప్ప దేనితోనూ కలపకండి. ఇది మాత్రం కంఠస్థం చేయించండి, నేనే చెబుతున్నాను.

ఈ తొమ్మిదో పాయింటు తర్వాత మిగిలినవి చదవడానికి ఓపిక పట్టాలి. పట్టాను.

పదోది: ఆస్పర్టేమ్ పంచదార కంటే 100 రెట్లు తీపి, దాంతో షుగర్ ఉన్నవాళ్లకు పాయసం వండొచ్చట. పాత ఎన్‌సీఈఆర్‌టీలో 100 రెట్లనే ఉంది, బయటి పుస్తకాల్లో 200 అని ఉంటుంది. దాని మీద గొడవ అక్కర్లేదు. పాయసమే అసలు చిక్కు. ఆస్పర్టేమ్ వంట వేడికి విడిపోతుంది, తీపి పోతుంది. అందుకే దాన్ని ఎక్కువగా చల్లని పదార్థాల్లోనూ పానీయాల్లోనూ వాడతారు. వేడికి తట్టుకునేది సుక్రలోజ్. పుస్తకంలో తీపి గురించిన వాక్యం చదివి, వేడి గురించిన వాక్యం వదిలేసినవాళ్లే ఇలాంటి పాయసం వండుతారు.

పదకొండోది: పసుపులో నిమ్మరసం పిండితే ఎర్రబడుతుందట. పులిహోర తిన్న ఏ మనిషైనా ఇది నమ్ముతాడా? నిమ్మకాయ పులిహోర ఎర్రగా ఉంటుందా మీ ఇంట్లో? పసుపు ఎర్రబడేది క్షారానికి. పసుపులో సున్నం కలిపితే పారాణి, పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎరుపు. పెళ్లికూతురి కాళ్లు చూసినా తెలిసే సంగతి ఇది.

పన్నెండోది, ఆఖరిది: "ప్రతి వస్తువు కొనేటప్పుడు లేబుల్ చదివించండి. అందులోని రసాయనాల పేర్లు పిల్లలతో చెప్పించండి." ఇది చాలా మంచి సలహా. వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను. నేనూ క్లాసులో అదే చేస్తాను. షాంపూ సీసా తెచ్చి సోడియం లారిల్ సల్ఫేట్ ఎక్కడుందో వెతకమంటాను, సాస్ సీసా మీద సోడియం బెంజోయేట్ చూపిస్తాను, అది శరీరంలో హిప్యూరిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుందని చెబుతాను. కండిషనర్ సీసా మీద క్వాటర్నరీ అమ్మోనియం లవణం కనబడితే కాటయానిక్ డిటర్జెంట్ పాఠం సగం అయిపోయినట్టే. పిల్లలకు ఇష్టం కూడా. ఈ ఒక్క పాయింటు పంపి ఉంటే నేనూ పది మందికీ పంపేదాన్ని.

ఇంతా చెప్పి, మా బాత్రూంలో ఉన్న టాయిలెట్ క్లీనర్ సీసా తిప్పి చూశాను. వెనకాల చిన్న అక్షరాల్లో, బ్లీచ్‌తో గానీ ఇతర క్లీనర్లతో గానీ కలపరాదని రాసుంది. పన్నెండో పాయింటు రాసిన మనిషి, తొమ్మిదో పాయింటు రాసిన మనిషి ఎప్పుడూ ఎదురుపడినట్టు లేరు.